చెరువు మోడల్‌కు ఇనిషియల్ కండిషన్స్: కొలతలు తక్కువున్నప్పుడు మొదటి రోజు విలువలు ఎలా పెడతారు?

చిత్రావతి (అనంతపురం)

అందరికీ నమస్కారం. ఎం.టెక్ ప్రాజెక్టు కింద అనంతపురం పక్కనున్న ఒక చెరువుకు నీటి నాణ్యత మోడల్ చేస్తున్నాను. నిండితే తూము దగ్గర మూడు మీటర్ల లోతు ఉంటుంది. ఒక పక్క వంక నీళ్లు వస్తాయి, ఇంకో పక్క ఊరి మురుగు కాలువ కలుస్తుంది. వాన బాగా పడిన ఏడు మరవ (అలుగు) పారుతుంది. పడని ఏడు మే నెలకల్లా అడుగున మడుగు మాత్రమే మిగులుతుంది. కొన్నేళ్లు తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లు కూడా వదులుతారు. చేపలకు వేలం పాట ఉంది.

వాడుతున్నది జీఎల్ఎమ్ (నీళ్లను లోతు వారీ పొరలుగా లెక్కించే కంప్యూటర్ మోడల్), దానికి ఏఈడీ (నీటి నాణ్యతను లెక్కించే భాగం) జత చేశాను. వాతావరణం, లోపలికొచ్చే నీళ్లు, బయటికెళ్లే నీళ్లు, ఈ ఫైళ్లన్నీ సిద్ధమయ్యాయి. ఇనిషియల్ కండిషన్స్ దగ్గర ఆగిపోయాను. మొదటి రోజుకు నీటి మట్టం, లోతుల వారీగా ఉష్ణోగ్రత, ఉప్పదనం, ఆక్సిజన్, అమ్మోనియా, నైట్రేట్, ఫాస్ఫేట్, పాచి, అన్నీ అడుగుతోంది. నా దగ్గరున్నవి కొన్ని నెలల ల్యాబ్ రిపోర్టులే, అవి కూడా కట్ట దగ్గర ఒకేచోట ముంచిన పైనీళ్లవి. జనవరి 1 నుంచి మొదలుపెడదామంటే ఆ నెల రిపోర్టు లేదు. తెలియనివాటికి సున్నా ఇచ్చి రన్ చేస్తే మోడలే సర్దుకుంటుందని ఒక సీనియర్ అన్నారు. అలా చేయవచ్చా? రివ్యూ దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది.

హంద్రీ (కర్నూలు)

చిత్రావతి గారూ, సున్నా మాత్రం వద్దు. పాచి పెరుగుదలను మోడల్ ఎలా లెక్కిస్తుందో చూడండి: ఉన్న పాచిని పెరిగే రేటుతో గుణిస్తుంది. ఉన్నది సున్నా అయితే ఎండ ఎంత కాసినా, ఎరువు ఎంత కలిసినా పెరిగేది సున్నాయే. వంక నీళ్లతో కొంచెం వస్తే తప్ప ఆ చెరువులో పాచి పుట్టదు. కొన్ని మోడళ్లలో కనీస విలువ ఒకటి పెట్టుకునే వీలుంది కానీ, దాని మీద ఆధారపడితే మొదటి పాచి ఉధృతి నెలల ఆలస్యంగా వస్తుంది. ఆక్సిజన్‌కు సున్నా ఇస్తే ఇంకా కష్టం. అడుగు నీళ్లలో ఆక్సిజన్ లేదనుకుని మోడల్ మొదటి గంట నుంచే మట్టిలోని ఫాస్ఫేట్‌ను, అమ్మోనియాను నీళ్లలోకి వదలడం మొదలుపెడుతుంది. దాన్ని తిని పాచి లేస్తుంది. అంటే మీరు చూసే గ్రాఫులో మొదటి భాగం చెరువుది కాదు, మీరిచ్చిన సున్నాది.

మీ సీనియర్ చెప్పినదానిలో సగం నిజముంది. మొదటి విలువ ప్రభావం కొంతకాలానికి పోతుంది. ఎంతకాలానికి అన్నది నీళ్లు మారే వేగాన్ని బట్టి ఉంటుంది. నిల్వను రోజువారీ ప్రవాహంతో భాగించండి, ఆ వచ్చినదే నీటి నిలకడ కాలం. బాగా కలిసే నీళ్లలో ఒక నిలకడ కాలం గడిస్తే మొదటి నీళ్లలో 37 శాతం, మూడు గడిస్తే 5 శాతం మిగులుతాయి.

మా సుంకేసుల బ్యారేజీ నిల్వ 1.2 టీఎంసీ. తుంగభద్రకు లక్ష క్యూసెక్కుల వరద వస్తే ఆ నిల్వకు సమానమైన నీళ్లు 3 గంటల 20 నిమిషాల్లో దాటిపోతాయి. అక్కడ ఉదయం ఏ విలువతో మొదలుపెట్టారో సాయంత్రానికి ఎవరూ కనిపెట్టలేరు. అదే బ్యారేజీలో ఎండాకాలం ప్రవాహం ఆగి, కర్నూలు తాగునీటికి మాత్రమే తోడుతున్నప్పుడు మొదలుపెడితే ఆ విలువ వారాల తరబడి మోసుకుపోవాల్సిందే. చోటు ఒకటే, కాలం మారితే లెక్కంతా మారిపోయింది. కాబట్టి మీ చెరువుకు ముందు నెలనెలకూ నిలకడ కాలం వేసి ఇక్కడ పెట్టండి.

లోతుకొలత (జమ్మలమడుగు)

హంద్రీ గారు చెప్పింది కలిసిపోయే నీళ్లకు సరిపోతుంది. పైనీళ్లు, అడుగు నీళ్లు విడిపోయే చోట అడుగు నీళ్ల జ్ఞాపకం వేరు. మా వైపు గండికోట రిజర్వాయర్ ఉంది, 26.85 టీఎంసీలు, పెన్నా లోయలో లోతైన నీళ్లు. అలాంటిదాన్ని ఏప్రిల్‌లో మొదలుపెట్టి లోతంతటికీ ఒకే ఉష్ణోగ్రత ఇస్తే వేసవంతా తప్పుతుంది. ఎండకు పైనీళ్లు వేడెక్కి తేలికై పైనే ఉండిపోతాయి, అడుగు నీళ్లకు గాలి తగలదు.

చాలామంది పట్టించుకోని విషయం ఇంకొకటుంది. చలిదేశాల పుస్తకాల్లో పైకీ కిందికీ ఒక డిగ్రీ తేడా అంటే లెక్కలోకి తీసుకోరు. మనకు అది కుదరదు. 9 నుంచి 10 డిగ్రీలకు వెళ్తే ఘనపు మీటరు నీళ్ల బరువు 80 గ్రాములు తగ్గుతుంది. 29 నుంచి 30కి వెళ్తే దాదాపు 300 గ్రాములు తగ్గుతుంది. అదే ఒక్క డిగ్రీ మన వేడి నీళ్లలో మూడున్నర రెట్లకు పైగా గట్టిగా పొరలను విడదీస్తుంది. కాబట్టి ప్రొఫైల్ (లోతుల వారీ కొలతలు) తీస్తే థర్మామీటర్ అర డిగ్రీ తప్పు చూపేదైతే లాభం లేదు.

ప్రొఫైల్ లేనివాళ్లకు తేలిక దారి ఒకటే, నీళ్లన్నీ కలిసిపోయే రోజుల్లో మొదలుపెట్టడం. మన లోతైన రిజర్వాయర్లు సాధారణంగా డిసెంబరు, జనవరి చలిలో పైనుంచి కిందిదాకా కలుస్తాయి. అప్పుడు ఒక్క సంఖ్య ఇచ్చినా తప్పు కాదు. సీఈ-క్వాల్-డబ్ల్యూ2 అనే ఇంకో మోడల్ వాడేవాళ్లకు ఈ వెసులుబాటు బాగా కుదురుతుంది. అందులో మొదటి ఉష్ణోగ్రతకు మామూలు సంఖ్య ఇస్తే అంతటా అదే తీసుకుంటుంది. -1 ఇస్తే లోతుల వారీ ఫైలు అడుగుతుంది, -2 ఇస్తే పొడవునా లోతునా రెండూ అడుగుతుంది. జనవరిలో మొదలుపెడితే ఆ ఫైళ్లు లేకుండానే గడుస్తుంది.

మూడు మీటర్ల చెరువుకు ఇంత అవసరం లేదు. గాలి కొట్టిన రాత్రి అంతా కలిసిపోతుంది. ఉష్ణోగ్రత తప్పు ఇచ్చినా వారం పదిరోజుల్లో ఎండ, గాలి దాన్ని దారికి తెస్తాయి. దాని గురించి టెన్షన్ పడకండి.

పరీక్షనాళిక (కడప)

ల్యాబ్ వైపు నుంచి కొన్ని మాటలు. మోడల్ చేసేవాళ్లు మా రిపోర్టు తీసుకుని అందులోని అంకెను అలాగే ఎక్కించేస్తారు. దానివల్ల జరిగే నష్టం కొలతలు లేకపోవడం కంటే పెద్దది.

చిత్రావతీ, మీరు ఏఈడీ వాడుతున్నారు కదా, అది అడిగేది లీటరుకు మిల్లీగ్రాములు కాదు, ఘనపు మీటరుకు మిల్లీమోల్లు. ఆక్సిజన్ లీటరుకు 8 మిల్లీగ్రాములంటే అక్కడ 250 అని ఇవ్వాలి. రిపోర్టులో 7 ఉందని 7 ఇస్తే మీ చెరువులో 0.22 మిల్లీగ్రాములే ఉన్నట్టు, అంటే చేప బతకదు. నత్రజని లీటరుకు 1 మిల్లీగ్రాము అంటే 71.4, భాస్వరం 1 మిల్లీగ్రాము అంటే 32.3.

తర్వాత, రిపోర్టులో నైట్రేట్ 10 అని ఉంటే అది నైట్రేట్‌గానా, నైట్రేట్‌లోని నత్రజనిగానా? మన దగ్గర తాగునీటి రిపోర్టుల్లో ఎక్కువగా నైట్రేట్‌గానే ఇస్తారు. దాన్ని 4.43తో భాగిస్తే నత్రజని 2.26 వస్తుంది. ఫాస్ఫేట్‌ అయితే 3.07తో భాగించాలి. రిపోర్టు మీద స్పష్టంగా లేకపోతే ల్యాబ్‌కు ఫోన్ చేసి అడగండి, ఊహించవద్దు.

బీఓడీ (నీళ్లలోని మురుగు కుళ్లడానికి పట్టే ఆక్సిజన్) గురించి కూడా. మన దేశంలో ఇప్పుడు 27 డిగ్రీల దగ్గర 3 రోజుల పరీక్ష చేస్తారు. బయటి మోడళ్ల పుస్తకాలు 20 డిగ్రీల దగ్గర 5 రోజులది అనుకుని రాసి ఉంటాయి. రెండింటి అంకెలూ దగ్గరగానే వస్తాయి. కానీ చాలా మోడళ్లకు కావలసింది ఈ రెండూ కాదు, పూర్తిగా కుళ్లేదాకా పట్టే మొత్తం ఆక్సిజన్. రోజుకు 0.23 రేటు అనుకుంటే 5 రోజుల బీఓడీ ఆ మొత్తంలో 68 శాతమే. మురుగు తాజాదా పాతదా అన్నదాన్ని బట్టి ఈ రేటు మారుతుంది.

సేంద్రియ నత్రజనికి వేరే పరీక్ష లేదని చాలామంది వదిలేస్తారు. టీకేఎన్ (సేంద్రియ నత్రజని, అమ్మోనియా కలిపి కొలిచే పరీక్ష) చేయించండి, అందులోంచి అమ్మోనియా తీసేస్తే మిగిలేది అదే. కొలవగలిగే పరిమితి కంటే తక్కువ అని రిపోర్టు వస్తే సున్నా రాయకండి, ఆ పరిమితిలో సగం రాయండి.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఆక్సిజన్ శాంపిల్. మధ్యాహ్నం ప్లాస్టిక్ బాటిల్‌లో ముంచి, బండి డిక్కీలో పెట్టుకుని సాయంత్రానికి ల్యాబ్‌కు తెస్తారు. ఆ అంకెకు విలువ లేదు. 300 మిల్లీలీటర్ల గాజు సీసాను నీళ్ల కిందనే నింపి, ఒక్క బుడగ కూడా లేకుండా బిరడా పెట్టాలి. కట్ట మీదనే మాంగనస్ సల్ఫేట్, ఆ తర్వాత ఆల్కలీ అయొడైడ్ అజైడ్ వేసి తిప్పాలి. ఆక్సిజన్ ఉంటే గోధుమ రంగు తుంపులు పొరలుపొరలుగా దిగుతాయి. తెల్లగానే ఉండిపోతే ఆ నీళ్లలో ఆక్సిజన్ లేదన్నమాట, అది అక్కడికక్కడే కంటికి తెలుస్తుంది. ఇంతవరకు చెరువు దగ్గర చేసుకుంటే మిగతా పని ల్యాబ్‌లో చేయవచ్చు.

శాంపిల్ పట్టిన గంట కూడా రాసిపెట్టండి. పాచి పట్టిన చెరువులో తెల్లారేసరికి 3, సాయంత్రం నాలుగింటికి 13 ఉండటం మామూలే. మోడల్ అర్ధరాత్రి 12 గంటలకు మొదలవుతుంది. మీరిచ్చే సాయంత్రం విలువ ఆ గంటకు చెందినది కాదు. 30 డిగ్రీల నీళ్లలో సముద్ర మట్టం దగ్గర ఆక్సిజన్ నిండుదనం 7.5. అనంతపురం మూడు వందల మీటర్లకు పైన ఉంది కాబట్టి 7.2, 7.3 దగ్గర ఆగుతుంది. ఏమీ తెలియకపోతే దానికి కొంచెం తక్కువ ఇవ్వండి. ఆక్సిజన్ కొన్ని రోజుల్లోనే సర్దుకుంటుంది.

చిత్రావతి (అనంతపురం)

మేడమ్, చాలా థ్యాంక్స్. ల్యాబ్‌కు ఫోన్ చేశాను, నైట్రేట్‌గానే ఇచ్చారట. పాచికి నా దగ్గర క్లోరోఫిల్ ఒక్క కొలతే ఉంది, లీటరుకు 40 మైక్రోగ్రాములు. దాన్ని కార్బన్‌గా ఎలా మార్చాలి?

హంద్రీ గారూ, నిలకడ కాలం వేశాను. సెప్టెంబరు, అక్టోబరుల్లో వంక పారేటప్పుడు నెల కంటే తక్కువ. డిసెంబరు నుంచి మే దాకా లోపలికొచ్చేది మురుగు కాలువ ఒక్కటే, అప్పుడు ఏడాది దాటుతోంది. అంటే జనవరి 1న మొదలుపెడితే ఆ తప్పు వేసవంతా మోయాలి కదా? పోనీ మే చివర్లో, నీళ్లు అడుగంటినప్పుడు మొదలుపెడితే?

పరీక్షనాళిక (కడప)

క్లోరోఫిల్‌కు 30 నుంచి 50 రెట్లు కార్బన్ అని సాధారణంగా తీసుకుంటారు. 50 అనుకుంటే మీది లీటరుకు 2 మిల్లీగ్రాముల కార్బన్, ఏఈడీలో 167. ఆకుపచ్చ పాచి, నీలి ఆకుపచ్చ పాచి అని విడివిడిగా పెట్టుకుని ఉంటే మైక్రోస్కోపు కింద చూసి పంచండి. సగం సగం అని ఊహించి పంచితే నీలి ఆకుపచ్చ పాచి రాకముందే వచ్చేసినట్టు చూపిస్తుంది.

కుందూ (ప్రొద్దుటూరు)

చిత్రావతి గారి ఆలోచనే సరైనదని నా అభిప్రాయం. మనకు కావలసింది సాంద్రత సరిగ్గా ఉండటం కాదు, చెరువులో ఉన్న మొత్తం సరుకు సరిగ్గా ఉండటం. చెరువు నిండా 20 లక్షల ఘనపు మీటర్లు, మే చివర్లో మడుగులో 1 లక్ష అనుకోండి. మడుగు నీళ్ల నైట్రేట్ మీరు 50 శాతం తప్పు ఇచ్చారు. కొత్త నీళ్లలో కూడా అంతే నైట్రేట్ ఉంటుందనుకుంటే, చెరువు నిండేసరికి ఆ తప్పు మొత్తంలో రెండున్నర శాతం. అదే నిండు చెరువులో 50 శాతం తప్పు ఇస్తే అది యాభై శాతంగానే ఉంటుంది. చలిదేశాల మోడళ్లు జనవరి 1 అంటాయి కాబట్టి మనమూ జనవరి 1 అంటున్నాం. రాయలసీమ చెరువుకు ఏడాది మొదలయ్యేది ముంగారు వానతో. మోడల్ కూడా అక్కడే మొదలు కావాలి.

హంద్రీ (కర్నూలు)

కుందూ గారి లెక్క బాగుంది, కానీ అడుగంటిన మడుగుతో మొదలుపెట్టడంలో రెండు చిక్కులున్నాయి. మన ఎండాకాలంలో చెరువు రోజుకు దాదాపు సెంటీమీటరు ఆవిరవుతుంది. నీళ్లు పోతాయి, ఉప్పులు ఉండిపోతాయి. కాబట్టి అప్పుడు మీరిచ్చే సాంద్రత మామూలు రిపోర్టుల్లోనిది కాకూడదు, దానికి చాలా రెట్లు ఉండవచ్చు. 50 శాతం తప్పు అన్నారు, నాలుగు రెట్ల తప్పు పడితే? రెండోది, లోతు మరీ తగ్గితే మోడలే నడవదు. పొరలు పలచబడి, టైమ్ స్టెప్ కుదరక ఆగిపోతుంది. పూర్తిగా ఎండిన చెరువును ఇలా పొరలుగా లెక్కించే మోడల్ సరిగ్గా చూపడం కష్టం.

కుందూ (ప్రొద్దుటూరు)

ఆవిరి సంగతి ఒప్పుకుంటాను, దానికి మందు క్లోరైడ్. క్లోరైడ్‌ను పాచి తినదు, మట్టి పీల్చదు, గాలిలోకి పోదు. ఫిబ్రవరిలో ఒకసారి, మేలో ఒకసారి కొలిస్తే ఎన్ని రెట్లు చిక్కబడిందో తేలిపోతుంది. అది కూడా లేకపోతే ఈసీ (విద్యుత్ వాహకత) మీటరు చాలు, అది చూపే అంకెను 0.64తో గుణిస్తే టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) ఇంచుమించుగా వస్తుంది. నైట్రేట్‌కు, ఫాస్ఫేట్‌కు మాత్రం ఈ రెట్ల లెక్క వాడకండి, అవి మధ్యలో ఖర్చవుతాయి.

మోడల్ ఆగిపోవడం గురించి, పూర్తిగా ఎండేదాకా పోవద్దు. తూము దగ్గర మీటరు లోతు మిగిలిన రోజును పట్టుకోండి. ఆ రోజు చెరువు దగ్గరకు వెళ్లి స్వయంగా శాంపిల్ పట్టండి. ఏడాది పొడవునా నెలకొక పైనీళ్ల రిపోర్టు కంటే ఆ ఒక్క రోజు తూము దగ్గర, వంక వైపు, మురుగు వైపు పట్టిన శాంపిళ్లు మోడల్‌కు ఎక్కువ పనికొస్తాయి.

లోతుకొలత (జమ్మలమడుగు)

మూడు చోట్ల పట్టమన్న మాటకు నాదో సంగతి. మా కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించిన చెరువది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. కట్ట ఊరడం ఒక దోషం, చవుడు నేల ఒకటి, చెరువు మధ్యలో తాబేలు వీపులా మిట్ట లేవడం ఇంకొకటి.

చివరి రెండూ ఈ చర్చకు నేరుగా పనికొస్తాయి. చవుడు నేలలో చెరువు ఉంటే ఎండిన అడుగు మీద ఉప్పు పొర తేలుతుంది, మొదటి వాన నీళ్లలో అదంతా కరుగుతుంది. ఆ ఉప్పు మడుగు నీళ్లలోనూ లేదు, వంక నీళ్లలోనూ లేదు. మీరు కొలిచినదాంట్లో ఎక్కడా ఉండదు. మధ్యలో మిట్ట ఉన్న చెరువైతే నీళ్లు తగ్గేసరికి రెండు మడుగులుగా విడిపోతుంది. మురుగు కాలువ ఒకదానిలో పడుతుంది, రెండోదానిలో పడదు. పక్కపక్కనే ఉన్నా అవి రెండు వేరే చెరువులు. ఒకే విలువ ఇవ్వడం కుదరదు. మే నెలలో కట్ట మీద నిలబడి చూస్తే మిట్ట ఉందో లేదో కనిపిస్తుంది, చూడండి.

కట్టమీద (శింగనమల వైపు)

నాకు మోడల్ తెలీదు, ఆయకట్టు రైతును. మా అబ్బాయి ఈ చర్చ చూపిస్తే చదివినా. మీరంతా నీళ్ల గురించే మాట్లాడుతున్నారు. మట్టి సంగతి ఎవరూ ఎత్తలేదు, అందుకని రాస్తున్నా.

అమ్మా చిత్రావతీ, మే నెలలో చెరువు ఎండితే మేం ఊరికే ఉండం. ఒండు మట్టి చేలకు తోలుకుంటాం. జేసీబీ పెట్టి ట్రాక్టర్లతో ఎత్తుతారు. ఎర్రనేలల్లో ఆ నల్లమట్టి పోస్తే చెనక్కాయకు ఎంత బలమో మా అందరికీ తెలుసు. మురుగు కాలువ కలిసే చోట మట్టి ఇంకా బలం అని అక్కడే ముందు తవ్వుతారు. ఇటుకల బట్టీలోళ్లు వేరే చోట బంక కోసం గుంతలు తీస్తారు. ఆ గుంతల్లో మీరు చెప్పే లోతు ఉండదు, ఇంకా ఎక్కువ ఉంటుంది, ఆ నీళ్లు వేరే రంగులో ఉంటాయి.

తవ్వని చోట్ల శిఖం భూమిలో, అంటే నీళ్లు నిలిచే చెరువు నేలలో, కొందరు జొన్న చల్లుతారు, గొర్రెలు మందపెడతారు. చెరువు నిండినప్పుడు ఆ ఎరువంతా నీళ్లలోకే కదా. చేపలు పాడుకున్నోళ్లు పిల్ల వదిలే ముందు పేడ, సూపర్ పాస్పేటు కొట్టిస్తారు. ఎన్ని బస్తాలు కొట్టించారో వాళ్లనే అడుగు, దాచేదేముంది, చెప్తారు. ఇదంతా లెక్కలో లేకపోతే మా చెరువు మీ కంప్యూటర్‌లోకి రాదని నా అనుమానం.

హంద్రీ (కర్నూలు)

అన్నా, ఈ చర్చ మొత్తంలో అసలైన మాట మీరు చెప్పారు. దయచేసి ఇక్కడే ఉండండి.

చిత్రావతి గారూ, దీన్ని మోడల్ భాషలో పెడతాను. నీళ్లలో ఉన్నవి వారాల్లో, నెలల్లో మారిపోతాయి. మట్టిలో ఉన్న భాస్వరం ఏళ్లపాటు ఉంటుంది. మీ ఏఈడీలో అడుగు మట్టిని సాధారణంగా విడుదల రేటుగా ఇస్తారు, చదరపు మీటరుకు రోజుకు ఇన్ని మిల్లీమోల్లని. పారామీటర్ల ఫైల్లో ఉంటుంది కాబట్టి అది ఇనిషియల్ కండిషన్‌లా కనిపించదు. నిజానికి మీ చెరువుకు అసలు ఇనిషియల్ కండిషన్ అదే. ఉదాహరణ ఫైల్లో వచ్చిన రేటు అలాగే ఉంచితే ఎక్కడిదో ఏదో సరస్సు మట్టిని తెచ్చి మన చెరువు అడుగున పరిచినట్టు. జీఎల్ఎమ్‌లో అడుగును మండలాలుగా విడగొట్టే వీలుంది. కానీ అది లోతును బట్టి విడగొడుతుంది, మురుగు వైపు, వంక వైపు అని కాదు. మట్టి తవ్వింది ఎక్కువగా లోతైన చోటా, గట్టు దగ్గరా చూడండి. దాన్ని బట్టి రేట్లు మార్చండి.

కుందూ (ప్రొద్దుటూరు)

మట్టిని కూడా మోడల్‌లోనే నడిపేవాళ్లకు స్పిన్-అప్ అని ఒక దారి ఉంది. ఒకే ఏడాది వాతావరణాన్ని మళ్లీ మళ్లీ నడిపి, ఏడాది మొదట్లో మట్టి విలువ, చివర్లో మట్టి విలువ ఒకటయ్యేదాకా తిప్పుతారు. యూరప్ సరస్సులకు అది నప్పుతుంది, ఏడాదికీ ఏడాదికీ పెద్ద తేడా ఉండదు. అనంతపురంలో ఏ ఏడాదిని తిప్పుతారు? సగటున 550 మిల్లీమీటర్ల వాన అంటారు, ఆ సగటు వాన పడిన ఏడు అరుదు. మరవ పారిన ఏడాదిని తిప్పితే మట్టి కడుక్కుపోయినట్టు వస్తుంది, కరువు ఏడాదిని తిప్పితే భాస్వరం కుప్పపడుతుంది. మంచి ఏడు, చెడ్డ ఏడు కలిసిన నాలుగైదేళ్ల వరసను ఉన్నది ఉన్నట్టు తిప్పాలి. అప్పుడైనా మట్టి తోలిన వేసవిని అందులో చేర్చకపోతే అన్న చెప్పినట్టే అవుతుంది.

ఇంకొక విషయం. లోతు తక్కువ సరస్సులు రెండు స్థితుల్లో ఏదో ఒకదాంట్లో స్థిరపడతాయని నెదర్లాండ్స్‌కు చెందిన మార్టెన్ షెఫర్ 1990ల్లో విస్తారంగా రాశారు. ఒకటి అడుగున నీటి మొక్కలున్న తేట నీళ్లు, ఇంకోటి పాచి పట్టిన కలక నీళ్లు. అక్కడి వెలువె సరస్సు 1960ల చివర్లో తేట నుంచి కలకకు మారింది. తర్వాత భాస్వరం తగ్గించినా వెంటనే తేటపడలేదు. పీసీలేక్ లాంటి మోడల్‌ను ఒకే భాస్వరంతో, ఒకసారి తేట నీళ్లతో, ఒకసారి కలక నీళ్లతో మొదలుపెడితే రెండు వేరే జవాబులు రావచ్చు. ఎన్నేళ్లు నడిపినా అవి కలవవు. మొదటి విలువ ప్రభావం ఎప్పటికైనా పోతుందన్న నమ్మకం అక్కడ చెల్లదు. కాబట్టి మీ చెరువులో నిరుడు నీటి మొక్కలున్నాయా, పాచి ఉందా అన్నది చేపల వాళ్లను అడిగి రాసుకోండి.

చిత్రావతి (అనంతపురం)

అన్నా, మీరు చెప్పినట్టే చేపలు పాడుకున్న ఆయన్ను కలిశాను. బస్తాల లెక్క చెప్పడమే కాదు, ఏ నెలలో ఏ వైపు వేశారో కూడా చెప్పారు. పుట్టిలో చెరువంతా తిప్పి లోతులు చూపించారు. నిరుడంతా పాచేనట, అడుగున మొక్కలు లేవు.

మే చివరి నుంచి మొదలుపెట్టి రన్లు వేశాను. నైట్రేట్ సగం చేసి ఒకటి, రెట్టింపు చేసి ఒకటి. ఆగస్టు దాకా గీతలు దూరదూరంగా నడిచాయి. సెప్టెంబరులో వంక పారడం మొదలయ్యాక దగ్గరపడి, మరవ పారేసరికి ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. ఆక్సిజన్, ఉష్ణోగ్రత మొదటి నెలలోపే కలిశాయి. ఉప్పదనం మాత్రం మరవ దాకా కలవలేదు. అడుగు మట్టి ఫాస్ఫేట్ రేటు మార్చి వేసిన రెండు రన్లు ఏడాది చివరిదాకా కలవనే లేదు. మార్చి నెల పాచిలో ఎక్కువ తేడా వాటిదే. అంటే నేను మట్టి శాంపిల్ పట్టాల్సిందే. ఎలా పట్టాలి? కోర్ తీసే పరికరం మా దగ్గర లేదు.

పరీక్షనాళిక (కడప)

పరికరం అక్కర్లేదు. గోడ పలచగా ఉండే పీవీసీ పైపు అడుగున్నర పొడవు కోసి, ఒక అంచు అరం పెట్టి పదును చేయండి. నీళ్లు మోకాలి లోతులో ఉన్నప్పుడే దిగి, నిటారుగా మట్టిలోకి దింపి, పైన రబ్బరు బిరడా బిగించండి. గాలి పోకపోతే మట్టి జారదు. పైకి లాగుతూ నీళ్లలోంచి బయటికి రాకముందే కింద చేత్తో మూసి రెండో బిరడా పెట్టండి. పైన పొగలా ఉండే పలచటి పొర చెదిరిపోకూడదు, విడుదల ఎక్కువగా అక్కడి నుంచే. మోడల్‌కు కావలసింది పైనుంచి పది సెంటీమీటర్ల లోపు మట్టి, దాన్ని రెండు మూడు ముక్కలుగా కోసి వేరే డబ్బాల్లో పెట్టండి.

ఇంకో రెండు పైపులు కోయకుండా, పైన చెరువు నీళ్లతో సహా ల్యాబ్‌కు తెండి. చీకటిలో ఉంచి, రోజూ పైనీళ్లలో ఫాస్ఫేట్ కొలుస్తూ పోతే విడుదల రేటు నేరుగా వస్తుంది. ఒకదాన్ని గాలి తగిలేలా, ఒకదాన్ని గాలి తగలకుండా ఉంచాలి. ఎండాకాలం చెరువు నీళ్ల వేడిలోనే ఉంచండి, ఏసీ గదిలో పెట్టవద్దు.

కట్టమీద (శింగనమల వైపు)

అమ్మా, మురుగు కాలువ మూతి దగ్గర ఒకటి, తూము దగ్గర ఒకటి, తవ్వని శిఖంలో ఒకటి పట్టు. మీ చెరువు కింద రైతుల్ని ముందే అడిగి పెట్టుకో, ట్రాక్టర్లు ఏ రోజు దిగేదీ తూము నీళ్లు చూసుకునే నీరుగట్టికి తెలుసు. వాళ్లు దిగకముందు ఒకసారి, మట్టి ఎత్తినాక అదే చోట ఇంకోసారి పట్టు. నీళ్లు పూర్తిగా ఇంకినాక బురద నడుమలోతు ఉంటుంది, ఒక్కదానివే దిగొద్దు, చేపలోళ్లను ఒకరిని పిలుచుకో.